పాత ట్రాక్టరుకు కొత్త వైరింగా? ముందు జాయింటు సంగతి చూడండి

మన ఊళ్లల్లో పాతికేళ్లు, ముప్పై ఏళ్లు దాటిన ట్రాక్టర్లు ఇంకా దమ్ము చేస్తూనే ఉన్నాయి. ఇంజన్లు గట్టివి. అల్లరి పెట్టేది వైరింగే. అందులోనూ వైరు మధ్యలో తెగడం తక్కువ, జాయింటు దగ్గర పోవడం ఎక్కువ. రాత్రిపూట ధాన్యం లోడుతో రోడ్డెక్కాక వెనక లైటు ఆరిపోతే, వెనకొచ్చే వాడికి మన ట్రాలీ కనపడదు. అది ప్రాణాల మీదకు వచ్చే సంగతి. అందుకే ఈ జాయింట్ల కథ రాస్తున్నాను.

1960లో మద్రాసులో టాఫే మొదలై, మాస్సీ ఫెర్గూసన్‌తో కలిసి ట్రాక్టర్లు చేసింది. 1963లో మహీంద్రా వాళ్లు ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి బి-275 తెచ్చారు. మధ్యలో 1961లో, మద్రాసులోనే, ఇంగ్లండు లూకాస్ కంపెనీతో కలిసి లూకాస్-టీవీఎస్ పుట్టింది. అలా ఇంగ్లండు వైరింగు పద్ధతి మన పొలాల్లోకి వచ్చింది.

ఆ పద్ధతిలో జాయింటంటే బుల్లెట్టు. వైరు చివర 4.7 మిల్లీమీటర్ల ఇత్తడి గుండు, రెండు గుండ్లను కలిపే రేకు గొట్టం, దాని మీద రబ్బరు తొడుగు. నొక్కితే పడుద్ది, లాగితే వస్తది. పొడి చోట బాగానే పనిచేసుద్ది. కానీ నీళ్లను ఆపదు. దమ్ము బురద చేరాక పచ్చటి చిలుము పడుద్ది.

ఇదే కాలంలో అమెరికాలో ఇంకో దారి నడిచింది. 1941లో విటేకర్ అనే ఇంజనీరు ఏఎంపీ కంపెనీ పెట్టి, యుద్ధ విమానాలకు, ఓడలకు టంకం అక్కర్లేని లగ్గులు చేశాడు. రాగి పోగుల్ని లగ్గులో గట్టిగా నొక్కేస్తే మధ్యలో గాలి కూడా దూరదు. టంకం పెడితే అది వైరులోకి పాకి బిరుసెక్కిస్తది, అదురుకు ఆ అంచునే తెగుద్ది. నొక్కుడు లగ్గుకు ఆ బాధ లేదు. తర్వాత 6.3 మిల్లీమీటర్ల చపటా లగ్గులొచ్చాయి. మన షాపుల్లో ఇప్పటికీ దొరికేవి అవే.

1970ల చివర జనరల్ మోటార్స్ వారి ప్యాకార్డ్ విభాగం వెదర్ ప్యాక్ తెచ్చింది. ప్రతి వైరుకూ సిలికాన్ రబ్బరు వాషరు, నీళ్లు లోపలికి పోవు. పెద్ద యంత్రాలకు డాయిష్ కంపెనీ డీటీ కప్లర్లు వచ్చాయి. వాటిలో పిన్ను ఊడకుండా ఆపే చీల కూడా ఉంటది.

ఇప్పుడు లెక్క చూడండి. హెడ్‌లైటు బల్బు సుమారు 5 ఆంపియర్లు తాగుద్ది. చిలుము పట్టిన జాయింటులో 0.2 ఓము అడ్డు ఉంటే 1 వోల్టు అక్కడే పోతది, 5 వాట్ల వేడి అక్కడే పుడుద్ది. లైటు మసకబారుతుంటే బల్బును తిట్టకండి, జాయింటును పట్టి చూడండి.

కాబట్టి ఇలా ఎంచుకోండి. డ్యాష్‌బోర్డు లోపల, పొడి చోట, ఇత్తడి చపటా లగ్గులు చాలు. చక్రాల దగ్గర, ట్రాలీ లైట్లకు మాత్రం రబ్బరు వాషరున్న కప్లర్లే వేయించండి. వాషరు వైరు లావుకు సరిపోవాలి, లేకపోతే డబ్బు దండగ. కటింగ్ ప్లేరుతో నలిపితే చాలదు, సరైన క్రింపింగ్ ప్లేరు ఉన్న మెకానిక్కునే పిలవండి. నొక్కాక ప్రతి లగ్గునూ గట్టిగా లాగి చూడండి. ఎర్తు లగ్గు కింద రంగు గీకి ఇనుము తేలాలి. ప్రతి లైనుకూ ఫ్యూజు ఉండాలి. పని మొదలెట్టే ముందు బ్యాటరీ ఎర్తు విప్పండి.

మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు మీ బండిలో ఎన్నున్నాయో ఈ వారంలో ఒకసారి లెక్కపెట్టండి. వరి కోతలు రాకముందే వాటిని మార్పించుకోండి.