సంఖ్యలుగా మిగిలిన సిపాయిలు

నవంబరు 11 దగ్గరపడుతోంది. 1918లో మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన రోజది. ఏటా ఈ రోజుల్లో ఎవరో ఒకరు నల్లబడిన పతకం ఒకటి తెచ్చి చూపిస్తారు. ‘మా ముత్తాత మెసపుటేమియా వెళ్లొచ్చాడట, ఆయన వివరాలు ఎక్కడ దొరుకుతాయి?’ అంటారు. వెతికితే దొరకొచ్చు. కానీ ముందే ఒక చేదు నిజం తెలుసుకుని బయల్దేరాలి. మన సిపాయిని చరిత్ర లెక్కపెట్టింది గానీ, పేరు పెట్టి పిలవలేదు.

పూర్వం ఇంతకంటే నయం. మన పొలిమేరల్లో నిలబడ్డ వీరగల్లుల్లో కొన్నింటి మీద పడిపోయిన వీరుడి పేరు చెక్కి ఉంటుంది. కానీ కాకతీయుల నాటి శాసనాల్లో సేనానుల వంశాలు, వాళ్లిచ్చిన దానాలు విస్తారంగా కనిపిస్తాయి, వెంట నడిచిన బంట్లు కనిపించరు. విజయనగర సామ్రాజ్యం, గోల్కొండ రోజుల్లోనూ అంతే. అక్కణ్ణించి నేరుగా 1758కి వచ్చేస్తాను, నాకు ప్రాణమైన యుద్ధం అక్కడుంది కాబట్టి.

పిఠాపురానికి దగ్గర్లో చందుర్తి. ఆ ఏడు డిసెంబరులో అక్కడ మూడు సైన్యాలు కలిశాయి. ఫ్రెంచి సేనాని బుస్సీని పాండిచ్చేరి వైపు పిలిపించుకోవడంతో ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్ల పట్టు సడలింది. అదను చూసి విజయనగరం ఆనందగజపతిరాజు విశాఖపట్నాన్ని వాళ్ల చేతుల్లోంచి లాక్కుని, బెంగాలులో ఉన్న ఇంగ్లీషు దొర క్లైవుకు కబురు పెట్టాడు. క్లైవు పంపిన కల్నల్ ఫోర్డు ఐదొందలమంది తెల్లవాళ్లతో, 2 వేలమంది సిపాయిలతో సముద్రం మీదుగా వచ్చి దిగాడు. రాజుగారి బలగం దాదాపు 5 వేలు. వాళ్లలో ఎక్కువమందికి ఈటెలు, విల్లంబులే ఆయుధాలు. ఎదుట ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ దగ్గర ఐదొందలమంది ఫ్రెంచివాళ్లు, 6 వేలమంది సిపాయిలు, 30 దాకా ఫిరంగులు.

ఫోర్డు తన తెల్లవాళ్లను మధ్యలో నిలిపాడు. ముందున్న చేను ఎంత ఏపుగా పెరిగి ఉందంటే, వాళ్లు శత్రువుకు కనబడనే లేదు. పక్కన బారుతీరిన సిపాయిలు మాత్రం కనబడ్డారు. వాళ్లవి ఎర్ర చొక్కాలు. ఎరుపు చూసి ఫ్రెంచి దళం వాళ్లే ఇంగ్లీషువాళ్లనుకుంది, తన బలమంతా వాళ్ల మీదికే నడిపింది. సిపాయిలు చెదిరారు. సరిగ్గా అప్పుడే చేలోంచి ఫోర్డు మనుషులు లేచి పక్కనుంచి విరుచుకుపడ్డారు. కాన్‌ఫ్లాన్స్ గుర్రాలు మారుస్తూ రాజమండ్రి దాకా పారిపోయాడు. నాలుగు నెలల్లో మచిలీపట్నం కోట పడింది, సర్కారుల భవిష్యత్తు తేలిపోయింది.

ఆ దెబ్బ కాచుకున్న ఎర్ర చొక్కాలవాళ్లు బెంగాలు నుంచి వచ్చినవాళ్లు. ఎదుటి పక్షం సిపాయిల్లోనూ, రాజుగారి ఈటెల మూకలోనూ మన ఊళ్లవాళ్లే ఎక్కువమంది ఉండి ఉంటారు. ఆ కాలపు ఇంగ్లీషు చరిత్రకారుడు ఆర్మ్ రాసిన చరిత్రలో దొరల పేర్లున్నాయి. వీళ్లందరూ వేలల్లో అంకెలే.

మరో నూటడెబ్బై ఏళ్ల తర్వాతా ఆ అలవాటు పోలేదు. ఇరాక్‌లోని బస్రా స్మారకం 1929లో ఆవిష్కరించారు. మెసపుటేమియాలో చనిపోయి, సమాధి దొరకని 40 వేలమందికి పైగా సైనికుల కోసం కట్టిందది. బ్రిటిష్ సైనికుల్లో మామూలు జవాను పేరు కూడా రాతి మీద చెక్కారు. మనవాళ్లలో సుబేదార్లు, జమేదార్ల వరకే పేర్లు. ఆ కిందివాళ్లకు పటాలం పేరు రాసి, ‘మరి ఇంతమంది భారత సైనికులు’ అని ఊరుకున్నారు. 1997లో సద్దాం హుస్సేన్ దాన్ని నాసిరియా దారిలోని ఎడారికి తరలించాడు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021లో ఈ వివక్షను ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఫ్రాన్సులోని నవ్ షపెల్ స్మారకం మీద మాత్రం 4,700 మందికి పైగా భారతీయుల పేర్లున్నాయి. అంటే పేర్లు చెక్కడం అసాధ్యమేమీ కాదు.

మద్రాసు ప్రెసిడెన్సీ ఊళ్లలో ఆ యుద్ధానంతరం నాటిన పలకలదీ అదే తీరు. ఈ ఊరి నుంచి ఇంతమంది వెళ్లారు, ఇంతమంది తిరిగి రాలేదు. అంతే.

కాబట్టి పేరు మనమే వెతకాలి. పతకం ఉంటే ముందు దాని అంచు చూడండి. నంబరు, హోదా, పేరు, పటాలం అక్కడ చెక్కి ఉంటాయి. మొదటి యుద్ధపు పతకం వెండిది కాకుండా కంచుదైతే, ఆయన తుపాకి పట్టినవాడు కాకపోవచ్చు, కూలీల దళంలో పనిచేసి ఉండొచ్చు. అదీ సేవే, తక్కువ చేయకండి. యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు, కానీ అందులో ఉండేది చనిపోయినవాళ్లే. ప్రాణాలతో తిరిగొచ్చిన తాతయ్య కోసం అక్కడ గాలించి నిరాశపడవద్దు. లండన్ మీదా ఆశ పెట్టుకోవద్దు. 1940 బాంబుదాడిలో కాలిపోయిన సర్వీసు కాగితాలు బ్రిటిష్ సైన్యానివి. మన సిపాయిల కాగితాలు పటాలాల రికార్డు ఆఫీసుల్లోనే ఉండేవి.

ఇంట్లో చెప్పుకునే కాలాన్ని కూడా సరిచూసుకోవాలి. కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయనే ‘యుద్ధజాతుల’ సిద్ధాంతం తలకెక్కిన రాబర్ట్స్ లాంటి సేనాధిపతులు తెలుగువాళ్లను పదాతిదళాల్లో చేర్చుకోవడం తగ్గిస్తూ పోయారు. 1928 నాటికి మద్రాసు రెజిమెంటు పటాలాలే రద్దయ్యాయి, తిరిగి లేచింది 1941లో. తాతయ్య 1930ల్లో సైన్యంలో ఉన్నాడంటే మద్రాసు సాపర్లనే ఇంజనీరింగు దళంలోనో, టెరిటోరియల్ దళంలోనో వెతకండి. సాపర్ల రికార్డులకు బెంగళూరు, మద్రాసు రెజిమెంటుకు వెల్లింగ్టన్, ఫిరంగి దళానికి నాసిక్ రోడ్డు. నిజాం కొలువులో పనిచేసినవాళ్లయితే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ తలుపు తట్టాలి, పారశీకం, ఉర్దూ చదివేవాళ్లను వెంటబెట్టుకుని.

ఇక రెండో యుద్ధం దగ్గరకొచ్చేసరికి ఒక వరస చెప్పలేను. ఒకరి కాగితం పింఛను ఫైల్లో ఉంటుంది, మరొకరిది ట్రంకుపెట్టె అడుగున డిశ్చార్జి పుస్తకంలో. కొన్ని ఇళ్లలో పతకాలు మిగలనే లేదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ‘మిలిటరీ మాధవరం’ అంటారు. అలాంటి ఊరికి జ్ఞాపకం ఊరుమ్మడి ఆస్తి. మిగతా ఊళ్లలో ఒక ముసలమ్మ పోతే ఒక పటాలం పేరు పోతుంది. పంజాబు ప్రభుత్వం మొదటి యుద్ధం కాగానే ఊరూరి సైనికుల పేర్లు రిజిస్టర్లకెక్కించింది. లాహోరు మ్యూజియంలో ఉన్న ఆ 26 వేల పేజీల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం 2021లో వార్త అయింది. 3,20,000 మంది పేర్లున్నాయి అందులో. మన జిల్లాలకూ ఆ పని జరగాలి.

మీ ఇంట్లో డిశ్చార్జి పుస్తకం గానీ, పతకం గానీ ఉంటే ఈ వారమే ఫోటో తీసి పెట్టండి. నంబరు, పటాలం, ఊరి పేరు, తండ్రి పేరు రాసి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఒక ఉత్తరం పంపండి.