గురునగర్ రేవు దాడులు (1987)

శ్రీలంక ఉత్తర తీరాన, జాఫ్నా నగరాన్ని ఆనుకుని ఉన్న గురునగర్ రేవుపై 1987 అక్టోబరులో భారత నౌకాదళపు మెరైన్ కమాండోలు జరిపిన రెండు రాత్రి దాడులివి. వీటికి నాయకత్వం వహించిన లెఫ్టినెంట్ అరవింద్ సింగ్‌కు మహావీర్ చక్ర లభించింది. యుద్ధకాల శౌర్య పురస్కారాల్లో పరమవీర చక్ర తరవాతి స్థానం దీనిదే.

పూర్వరంగం

నీటి అడుగున పనిచేసే సైనికుల శిక్షణ కోసం 1955లో బ్రిటిష్ వారి సాయంతో కొచ్చిలో డైవింగ్ పాఠశాల ఏర్పడింది. గోవా విమోచన సమయంలో, 1961 డిసెంబరు 18న, కార్వార్ దగ్గరి అంజదీవ్ దీవిలో దిగి పోర్చుగీసు వారితో తలపడినవారు నౌకాదళ నావికులే. ఏడుగురు అక్కడ ప్రాణాలు కోల్పోయారు. 1971లో బెంగాల్‌లోని ప్లాసీ వద్ద, భాగీరథీ నదిలో, బంగ్లాదేశ్ విముక్తి కోసం పోరాడుతున్న ముక్తివాహిని ఈతగాళ్లకు భారత నౌకాదళం శిక్షణ ఇచ్చింది. ఆగస్టు 15 రాత్రి వారు చిట్టగాంగ్, మోంగ్లా, చాంద్‌పూర్, నారాయణ్‌గంజ్ రేవుల్లోని ఓడలకు మైన్లు అతికించి పేల్చారు. ఈ పనిలో ముఖ్యుడైన ఎం.ఎన్. సామంత్‌కూ మహావీర్ చక్ర దక్కింది. ఇలాంటి పనులకు మెరైన్ కమాండోల ప్రత్యేక దళం మాత్రం 1987 ఫిబ్రవరికి గానీ ఏర్పడలేదు.

దాడులు

1987 జులై 29న భారత్-శ్రీలంక ఒప్పందం కుదిరింది. శాంతి పరిరక్షణకని వెళ్లిన భారత సేన అక్టోబరు నాటికి వేర్పాటువాద తమిళ సంస్థ ఎల్‌టీటీఈతో పోరులో చిక్కుకుంది. ఎల్‌టీటీఈకి నీటి మీద బలం వేగపు పడవలు. జాఫ్నా కయ్యలో లోతు తక్కువ కాబట్టి పెద్ద యుద్ధనౌకలు వాటిని తరుముతూ లోపలికి రాలేవు. వసిష్ఠ, వైనతేయ మొగల దగ్గర ఇసుక మేటల మధ్య పడవ నడిపిన కోనసీమ వారికి ఈ చిక్కు విడమరచి చెప్పనక్కర్లేదు.

అక్టోబరు 21 రాత్రి 18 మంది కమాండోలు బయలుదేరారు. సింగ్ తన మనుషులతో పాటే పడవెక్కారు. రెండు జెమినీ రబ్బరు పడవలు, వాటి వెనక కట్టిన రెండు చెక్క పడవలు వారి వెంట ఉన్నాయి. మైన్లు తప్పించుకుంటూ రేవుకు దారితీసే పాయలోకి చేరాక ఇద్దరు అధికారులు, ఎనిమిది మంది కమాండోలు చెక్క పడవల్లోకి మారి, తెడ్లు వేసుకుంటూ రేవుకు వెళ్లారు. రేవుకూ, అక్కడ కట్టి ఉన్న వేగపు పడవలకూ పేలుడు పదార్థాలు అమర్చారు. ఇంతలో శత్రువులు పసిగట్టారు. కమాండోలు ఎదురుకాల్పులతో వారిని నిలవరించి, పేలుళ్లు జరిపి, ఒక్కరినీ కోల్పోకుండా జెమినీలకు తిరిగొచ్చారు.

కొన్ని పడవలు మిగిలిపోయాయి. రెండు రాత్రుల తరవాత మళ్లీ వెళ్లారు, ఈసారి ఈదుకుంటూ. మొదటి రాత్రి ఎవరికీ తెలియకుండా వెళ్లగలిగారు. రెండోసారి అటువైపు వారు గస్తీ పెంచి కాచుకుని ఉన్నారు. అది తెలిసీ అదే నీటిలోకి మనుషులను దించి, పని పూర్తిచేయించి, వెనక్కి తేవడంలోనే సింగ్ నాయకత్వ ప్రతిభ ఎక్కువగా కనిపిస్తుంది. మళ్లీ కంటపడ్డారు, స్వల్ప గాయాలయ్యాయి, అయినా మిగిలిన పడవలను ధ్వంసం చేశారు. నెలాఖరుకు జాఫ్నా నగరం భారత సేన చేతికి వచ్చింది.

తరవాతి కాలం

1988 నవంబరులో మాల్దీవులలో ప్రభుత్వాన్ని కూల్చే కుట్ర విఫలమయ్యాక, ఈ కమాండోలు కూడా పాల్గొన్న వేటలో, బందీలతో ‘ప్రోగ్రెస్ లైట్’ ఓడలో పారిపోతున్న కిరాయి సైనికులను ఐఎన్‌ఎస్ గోదావరి, ఐఎన్‌ఎస్ బేత్వా నౌకలు వెంటాడి పట్టుకున్నాయి. 1991లో కమాండో దళం పేరు మెరైన్ కమాండో ఫోర్స్‌గా మారింది. వాడుకలో మార్కోస్ అంటారు. కాశ్మీర్‌లోని వులర్ సరస్సులోనూ, 2008లో ముంబై తాజ్ హోటల్‌లోనూ ఈ దళం పనిచేసింది.

2016 జులై 12న విశాఖపట్నంలో మార్కోస్ స్థావరంగా ఐఎన్‌ఎస్ కర్ణ ప్రారంభమైంది.