ప్రధాన సంఖ్యల వేటలో పుట్టిన పరీక్ష

ప్రాసెసర్‌ను కంపెనీ చెప్పిన వేగం దాటించి నడిపితే, అంటే ఓవర్‌క్లాక్ చేస్తే, మొదట చెడేది లెక్క. క్లాక్ ఒక విడతకూ మరో విడతకూ నడుమ సంకేతం ట్రాన్సిస్టర్ల వరుసను దాటి గమ్యం చేరాలి. వేగం పెంచినకొద్దీ ఆ వ్యవధి కుదించుకుపోతుంది. సంకేతం ఆలస్యమైతే పాత విలువే నమోదవుతుంది, కంప్యూటర్ మాత్రం ఏమీ జరగనట్టే పని చేసుకుపోవచ్చు. వోల్టేజి పెంచితే సంకేతం చురుకవుతుంది కానీ వేడీ పెరుగుతుంది. కాబట్టి ఓవర్‌క్లాక్ నిలబడిందని చెప్పాలంటే యంత్రం ఆగిపోకపోవడం చాలదు, జవాబులు సరిగ్గా రావాలి. ఈ కొలబద్ద మనకు గణితం నుంచే వచ్చింది, అందుకే దాన్ని వదులుకోకూడదంటాను.

1994లో అమెరికా ఆచార్యుడు థామస్ నైస్లీ జంట ప్రధాన సంఖ్యల వ్యుత్క్రమాల మొత్తం లెక్కిస్తూ పెంటియం చిప్పు భాగహారంలో తప్పు చేస్తోందని పట్టుకున్నారు. చిప్పులు మార్చి ఇచ్చేందుకు ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. అది డిజైన్‌లోని లోపం, ఓవర్‌క్లాకింగ్ వల్ల వచ్చింది కాదు. అయినా సంఖ్యాశాస్త్రం చిప్పుకు ఎంత కఠినమైన పరీక్షకుడో అప్పుడే తేలింది. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ మెర్సెన్ ప్రధాన సంఖ్యల కోసం ఇంటర్నెట్‌లో ఉమ్మడి వేట మొదలుపెట్టారు. అందులో ఒక్క బిట్టు తారుమారైనా రోజుల తరబడి చేసిన గణన మొత్తం వృథా. అందుకే ఆయన ప్రోగ్రామ్ ప్రైమ్95లో టార్చర్ టెస్ట్ చేరింది. జవాబు ముందే తెలిసిన లెక్కలను యంత్రం చేత మళ్లీ మళ్లీ చేయించి, ఫలితాన్ని సరిపోల్చి, తేడా రాగానే ఆపేస్తుంది. 1998లో వచ్చిన ఇంటెల్ చిప్పు సెలెరాన్ 300ఎ బస్సు వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు పెంచితే చిప్పు వేగం 300 కాస్తా 450 అయ్యేది. ఓవర్‌క్లాకింగ్ సామాన్యుల చేతికి వచ్చింది ఇలాంటి చవక చిప్పులతోనే. నిలకడ తేల్చేందుకు వాళ్లకు ఉచితంగా దొరికింది ప్రైమ్95.

జవాబు సరిగ్గా రావాలన్న ఈ పట్టింపు విలువ 2000లో బయటపడింది. ఆ జులై చివర ఇంటెల్ 1.13 గిగాహెర్ట్జ్ పెంటియం 3ని విడుదల చేసింది. అది ఫ్యాక్టరీ వేగంలోనే నిలకడగా లేదని సమీక్షకులు థామస్ పాబ్స్ట్, కైల్ బెనెట్ గుర్తించారు. లినక్స్ కెర్నల్‌ను కంపైల్ చేయబోతే పని మధ్యలోనే విఫలమయ్యేది. ఆగస్టు ముగిసేలోగా ఇంటెల్ ఆ చిప్పును వెనక్కి తీసుకుంది. ఎఎమ్‌డీతో వేగం పోటీలో పడిన తయారీదారు తన చిప్పును తానే అంచుదాకా నెట్టుకున్నప్పుడు, పాఠకుడి పక్షాన నిలిచింది ఔత్సాహికుల ఈ పరీక్షించే అలవాటే. సమీక్ష అనే పని ఇంతకన్నా గౌరవంగా కనిపించిన సందర్భం నాకు మరొకటి తోచదు.

ప్రైమ్95 భారం అసహజమని, ఆటలాడేవారికి అంత వేడి ఎప్పుడూ తగలదని కొందరి అభ్యంతరం. ప్రాసెసర్‌పై భారం పెంచే ఏవీఎక్స్ సూచనలు వాడే కొత్త వెర్షన్ల విషయంలో ఇందులో నిజముంది. అయితే తీవ్రత ఎక్కువని సరైన జవాబు అనే షరతునే సడలిస్తే, ఫైళ్లలో చడీచప్పుడు లేకుండా చేరే తప్పులను ఎవరు పట్టాలి? పైగా 2016 జనవరిలో ఇంటెల్ స్కైలేక్ చిప్పులు సాధారణ వేగంలోనే స్తంభించిపోయే లోపం బయటపడింది కూడా ప్రైమ్95 వల్లే. ఇంటెల్ దాన్ని బయాస్ అప్‌డేట్‌తో సరిదిద్దింది. ఎంత పరీక్షించినా నిలకడ రుజువు కాదన్న రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పులు కొన్ని మితిమీరిన వోల్టేజి వల్ల వాడకంలో క్రమంగా క్షీణించి, ఆటలు తమ గ్రాఫిక్స్ ప్రోగ్రాములైన షేడర్లను విప్పే దశలో కూలిపోయాయి. 2024లో కంపెనీ వారంటీని రెండేళ్లు పొడిగించింది. కొన్న వారంలో నెగ్గిన పరీక్ష ఏడాది తర్వాతి సంగతి చెప్పలేదు. అందుకే "నిలకడగా ఉంది" అని ఒక్క మాటతో తేల్చే సమీక్షను నేను ఒప్పుకోను. ఏ పరీక్ష, ఏ వెర్షన్, ఎన్ని గంటలు, ఎంత వోల్టేజి, చిప్పు ఎంత వేడెక్కింది, ఏవీఎక్స్ వాడారా లేదా అన్నవి ఫలితం పక్కనే అచ్చు వేయాలి. అప్పుడే మరొకరు అదే పరీక్షను తమ యంత్రంపై నడిపి ఆ ఫలితాన్ని నిలదీయగలుగుతారు.