మొదటి మెట్టు

ఫరో కుమార్తె ఇంట పెరిగిన మోషేకు రాజగృహపు చదువు దొరకెను. అదే యీడు హెబ్రీ బాలురకు ఇటుకల మట్టి దొరకెను. వారి బుద్ధి తక్కువై కాదు. వారు పెరిగిన ఇల్లు వేరు.

మన ఆదిలాబాదు అడవులలోను ఇట్టిదే జరిగెను. నిజాము కాలమందు కచేరీ భాష ఉర్దూ. తరతరములుగా దున్నిన గోండులకు పట్టాలు లేవు. కాగితము చదువగలవారు వారిలో బహు అరుదు. భూములు పరుల చేతికి పోయెను. ఆ భూమి కొరకే పోరాడి కొమురం భీము 1940లో జోడేఘాట్ యొద్ద పోలీసు కాల్పులలో చనిపోయెను.

అటుపిమ్మట నిజాము ప్రభుత్వము కొరకు గోండుల స్థితిని పరిశీలించిన హైమెండార్ఫ్ దొర, ఆయన భార్య బెట్టీ, జైనూర్ ప్రాంతపు మార్లవాయి పల్లెలో కాపురముండిరి. 1943లో అక్కడ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రము వెలసెను. పైనుండి వచ్చు పంతులుకు గోండీ రాదు. కనుక కొద్దిపాటి అక్షరములు వచ్చిన గోండు యువకులకే మొదట నేర్పిరి. నాగరి లిపిలో గోండీ వాచకములు సిద్ధపరచిరి. ఆ యువకులే తమ పల్లెలకు పంతుళ్లైరి. ఇంటి భాషయే బిడ్డకు మొదటి మెట్టాయెను.

1956లో ఆదిలాబాదు ఆంధ్రప్రదేశ్‌లో చేరెను. బడి భాష తెలుగాయెను, గోండీ బోధన నిలిచిపోయెను. ఆ మెట్టు విరిగెను. బెట్టీ 1987లో చనిపోగా మార్లవాయిలోనే సమాధి చేసిరి. 1995లో మరణించిన హైమెండార్ఫ్ అస్థికలు 2012లో ఆమె ప్రక్కనే ఉంచబడెను.

నేడు కాలేజీ చేరిన పల్లెబిడ్డకును ఆ కొరత తీరలేదు. ఏ పరీక్ష వ్రాయవలెనో, గడువు ఎప్పుడో, ఏ కొలువుకు ఎవరిని అడుగవలెనో పట్నపు బిడ్డకు తండ్రియో మేనమామయో చెప్పును. కూలివాని బిడ్డకు ఇంట చెప్పువారు లేరు. మార్కులు సమానమైనను దారి సమానము కాదు. దారి తెలియక వెనుకబడిన బిడ్డను మనము మందబుద్ధి అందుము. అది అన్యాయపు తీర్పు.

మోషే నేర్చిన చదువు రాజగృహములోనే ఉండిపోలేదు. దేవుడు దానిని అతని సహోదరుల విడుదలకు వాడుకొనెను. మన సంఘములో మొదట కొలువు సంపాదించిన సహోదరుడా, సహోదరీ, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆరాధన ముగిసిన పిమ్మట ఒక గంట కూర్చుండుము. దరఖాస్తు నింపుట ఒక బిడ్డకు చూపుము. ఆ గంటయు దేవునికి కానుకయే.