కాలువ కట్టిన నెల



దాళ్వా కోతలు ముగిసి ఎండ ముదిరిన దినములలో విజ్జేశ్వరమువద్ద తలుపులు దించుదురు. కొలది దినములకే మన ఉండి కాలువలో నీరు తగ్గిపోవును. అడుగున బురదయు, కుండపెంకులును, ఏడాది పొడుగున మనమే పారవేసిన చెత్తయు బయటపడును. ‘కాలువ కట్టివేసినారు’ అని మనమందుము. ఆ మాట అనునప్పుడు మన గొంతులో కొంచెము విసుగు ఉండును. స్నానమునకు నీరు లేదు, పశువులకు నీరు లేదు, ఎప్పుడు వదలుదురో తెలియదు.

అయినను ఒక సంగతి ఆలోచించుడి. కాలువమీద మిక్కిలి పని జరుగునది ఆ నెలలోనే గదా! పూడిక తీయుదురు. గుర్రపుడెక్కయు తూడును లాగివేయుదురు. లాకుల తలుపులు బాగుచేయుదురు. జారిన గట్టు కట్టుదురు. నీరు నిండుగా పారుచుండగా ఈ పనులలో ఒకటియైన చక్కగా జరుగదు. ఆ నెలను వట్టినే పోనిచ్చిన యేడు పైవారికి నష్టము అంతగా తెలియదు. ఆకివీడు, కాళ్ల, కొల్లేటి అంచులనున్న శివారు రైతుకు మాత్రము నాట్ల వేళకే తెలియును. మరియొకటి గూడ ఉన్నది. కాలువ కట్టుటకు ముందే ఊరి మంచినీటి చెరువు నింపుకొందురు. నింపుకొనని ఊరికి ఆ నెల విశ్రాంతి కాదు, శ్రమయే.

ఆగుటకు ముందు నింపుకొనుట, ఆగినప్పుడు బాగుచేసికొనుట: ప్రభువిచ్చిన విశ్రాంతిదినమును గూర్చి ఈ మాసమున నేను వ్రాయదలచినది ఇంచుమించు ఇంతే. అయితే ఇది ఉపమానముతో తీరునది కాదు. మన డెల్టా చరిత్రలోను, మన సంఘముల చరిత్రలోను దీనికి వెల చెల్లించినవారున్నారు గనుక వారి సంగతి చెప్పెదను.

ఈ కాలువలు తవ్వించిన ఆర్థర్ కాటన్ దొరగారి విగ్రహము చూడనివారు మనలో లేరు. 1833 ప్రాంతమున కరవు ఈ గోదావరి సీమను ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసినది. అటు తరువాత ఈ నదికి ఆనకట్ట కట్టవలెనని ఆయన 1844లో పరిశీలన ఆరంభించెను. పని 1847లో ధవళేశ్వరమువద్ద మొదలై 1852లో ముగిసెను. ఇంతవరకు మన పిల్లలు బడిలోనే చదువుకొందురు. పిల్లలు చదువని భాగమొకటి గలదు. ఆ పరిశీలనకు ముందే ఆయన ఆరోగ్యము చెడి, ఎండలు లేని టాస్మానియా ద్వీపమునకు వెళ్లి అక్కడ ఉండవలసి వచ్చెను. 1841లో ఆయన వివాహము జరిగినదియు అక్కడనే. ఆ పిమ్మట, ఆనకట్ట సగములో నుండగా, 1848లో ఆయన మరల జబ్బుపడెను. వేలమంది కూలీలు, నది వరదలు, పైనుండి ధనము ఇచ్చుటకు వెనుదీయు ప్రభుత్వము: ఇవన్నియు ఉండగా ఆయన పని విడిచి ఆస్ట్రేలియాకు వెళ్లెను. 1850లో తిరిగి వచ్చి పని ముగించెను.

మధ్యలో ఆనకట్ట ఏమైనది? కెప్టెన్ ఓర్ అను అధికారి దానిని నడిపెను. ఆయనకు మన ఊళ్లలో విగ్రహము లేదు. ఒకరు ఆగవలెనన్న మరియొకరు నిలువవలెను. ఎవరును భుజము అందియ్యని చోట విశ్రాంతి మాట కేవలము మాటగానే ఉండును. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొన గోరెదను, ఇది ముందు పనికివచ్చును.

దీనికి ఎదురుగా బందరు నోబుల్ దొరగారిని చూపువారు ఉందురు. రాబర్ట్ నోబుల్‌గారు 1841లో హెన్రీ ఫాక్స్‌గారితో కూడ బందరు వచ్చి, 1843లో బడి తెరచి, ఒక్కసారియైన స్వదేశమునకు పోక, 1865లో అక్కడనే మరణించిరి. ఫాక్స్‌గారైతే రోగముచేత స్వదేశమునకు మరలి 1848లోనే కన్నుమూసిరి. నోబుల్‌గారి పట్టుదలను ప్రసంగములలో పొగడుట వాడుక. నేనును ఆయనను గౌరవింతును. అయినను సెలవు తీసికొనకుండుటయే భక్తికి కొలబద్ద యనుట సరికాదని నా తలంపు. అపొస్తలులు పని ముగించుకొని వచ్చినప్పుడు, భోజనముచేయుటకైనను వారికి తీరిక లేదని చూచి, ఏకాంత స్థలమునకు రండని పిలిచినది మన ప్రభువే గదా (మార్కు 6).

సరే, కాటన్‌గారును నోబుల్‌గారును దొరలు. వారికి సెలవు అడుగుటకు ఒక కచేరీ ఉండెను. ఏ పూట కూలి ఆ పూట తినువాని సంగతి ఏమి? పని మానిన దినము వానికి పొయ్యి వెలుగదు. విశ్రాంతి అను మాట వాని ముందు పలుకుటకే కొందరు బోధకులు సిగ్గుపడుదురు. అట్టివారికొరకే ఈ తరువాతి చరిత్ర వ్రాయుచున్నాను.

ఒంగోలు సీమలో యర్రగుంట్ల పేరయ్యగారను తోళ్ల వ్యాపారి ఉండెను. మాదిగ కులస్థుడు. సత్యమును వెదకుచు యోగము నేర్పు గురువుల యొద్ద కూర్చుండినవాడు. ఆయన వ్యాపారముపని మీద ఉత్తరముగా మన సీమకు వచ్చి, ఏలూరులో చర్చి మిషనరీ సొసైటీవారి అలెగ్జాండరుగారి నోట సువార్త వినెను. తరువాత మన పాలకొల్లులో బౌడెన్‌గారి నోట వినెను. ఈ బౌడెన్ కుటుంబమువారు ఎవరో మన ప్రాంతపు పెద్దలకు చెప్పనక్కరలేదు. విలియం బౌడెన్‌గారును జార్జి బీర్‌గారును 1836లో ఇంగ్లండునుండి వచ్చి, నరసాపురము, పాలకొల్లులలో గోదావరి డెల్టా మిషనుకు పునాది వేసినవారు. పేరయ్యగారు విన్నది మరువలేదు. ఇంటికి పోయి తనవారికి చెప్పెను. 1866లో ఒంగోలులో జ్యూవెట్‌గారి చేత ఆయనయు ఆయన భార్యయు బాప్తిస్మము పొందిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో క్లౌగారు ఒంగోలు చేరిరి. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘము ఏర్పడెను. పదునొకండు సంవత్సరముల పిమ్మట, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ సంఖ్యను అందరును చెప్పుదురు. నేను చెప్పదలచినది దానికి ముందటి సంగతి. ఆ మాదిగపల్లెలలో చదువురానివారు క్రైస్తవ మార్గమును మూడు ముక్కలలో నోటికి పట్టిరి: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. క్రైస్తవుడగుటయనగా ఏమని పల్లెలో అడిగినవానికి ఈ మూడే జవాబు. ఈ మూడింటిలో ఒకటి భక్తిని గూర్చినది, ఒకటి అలవాటును గూర్చినది, ఒకటి విశ్రాంతిని గూర్చినది. మంచి అలవాటును విశ్రాంతియు ఒకదానికొకటి శత్రువులని వారు తలంపలేదు. రెంటిని ఒకే గుప్పిట పట్టిరి.

ఈ మూడింటిలో ఆదివారపు మాటకే ఊరిలో పెద్ద పోరు వచ్చెను. ఎందుచేత? ఆ కాలమున ఊరి రైతులకు చెప్పులు కుట్టుట, మోటకు తోలుబాన కట్టుట, పండుగలలో డప్పు కొట్టుట, పిలిచినప్పుడు పోయి పనిచేయుట మాదిగవారి వంతు. దానికి బదులు పంట కళ్లములో ధాన్యము కొలుచుకొనెడివారు. రోజుకింత అని కూలి కాదు. వానికంటూ గంట లేదు, దినము లేదు. అట్టివాడు ఏడు దినములలో ఒక దినము ‘నేను రాను’ అనెను. బాన చినిగినది ఆదివారము గావచ్చును, కోత ఆదివారము పడవచ్చును. రైతుకు కోపము వచ్చుట ఆశ్చర్యము కాదు. కళ్లములో కొలువవలసిన ధాన్యమే ఆగిపోవు భయముండెను. అయినను వారు ఆ దినమును విడువలేదు.

దీనిని గూర్చి నేను చాలకాలము ఆలోచించితిని. చదువురానివారికి బోధకులు ఇంత ఖరీదైన ఆజ్ఞను మొదటనే ఎందుకు అప్పగించిరి? నాకు జవాబు ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో దొరికినది. నిర్గమకాండము 20లో విశ్రాంతిదినమునకు చెప్పిన కారణము సృష్టి; దేవుడు ఆరు దినములు చేసి యేడవ దినమున విశ్రమించెను. ద్వితీయోపదేశములో అదే ఆజ్ఞను మోషే మరల చెప్పునప్పుడు కారణము మార్చెను: మీరు ఐగుప్తులో దాసులై యుంటిరి, జ్ఞాపకముంచుకొనుడి. మీ దాసుడును మీ దాసియు మీవలెనే విశ్రమింపవలెను. అనగా విశ్రాంతిదినము తీరికగలవాని సౌఖ్యము కాదు, విడిపింపబడినవాని గుర్తు. ఫరో దగ్గర సెలవు లేదు. ఒక్క దినమైనను ‘నా కాలము నా యజమానునిది కాదు, నా దేవునిది’ అనగలవాడు ఇక ఫరో మనిషి కాడు. పల్లెవారు ఈ వ్యాఖ్యానము చదువలేదు. చదువకయే గ్రహించిరి.

మరియు ఆ దినమును వారు నిద్రకు ఇచ్చివేయలేదు. చదువురాని పెద్దవారు వచనములు నోటికి నేర్చిరి. పాటలు నేర్చిరి. పిల్లలు అక్షరములు దిద్దిరి. మన తెలుగు సంఘములలో ఎందరి తాతలకు మొదటి అక్షరము ఆదివారపు బడిలోనో, రాత్రిబడిలోనో, దీపము చుట్టును కూర్చుండినప్పుడే వచ్చినదో మీ ఇండ్లలో అడిగి చూడుడి. పంతులు కొడుకును కలెక్టరు గుమాస్తాయు అయినవారి వెనుక అట్టి ఆదివారము ఒకటి ఉండును. ఆగిన నీటిలోనే పూడిక తీసికొనిరి.

ఇప్పుడు మన కాలమునకు రావలెను. మన ఉండి చుట్టుపట్ల వరిచేలు ఎన్నో చెరువులైనవి. చేపకును రొయ్యకును ఆదివారము తెలియదు. మేత వేయవలెను. రాత్రి ఏరేటరు ఆగిన తెల్లవారుసరికి పంట తేలిపోవును. ఈ మాట చెప్పి ఆరాధనకు రానివారిని నేను గద్దింపను. గుంటలో పడిన యెద్దును విశ్రాంతిదినమున పైకి తీయరా అని ప్రభువే అడిగెను గదా (లూకా 14). కాని చెరువు గట్టున పాకలో భార్యాపిల్లలతో కావలియున్న కుటుంబము సంగతి వేరు. వారికి ఎద్దు దినదినము గుంటలోనే ఉన్నది. చెరువు యజమాని మన సంఘములోనే ముందు వరుసలో కూర్చుండి కానుక వేయుచుండగా, వాని కావలివాడు పండుగకు తప్ప గుడిముఖము చూడడు. ‘నీ దాసుడును నీవలెనే’ అను మాట అప్పుడు ఎవరికి తగులును?

ఇంటిలోని సంగతియు చెప్పకతప్పదు. ఆదివారమనగా మనకు కోడికూర. మగవారు గుడినుండి వచ్చి కాలు మీద కాలు వేసికొని కూర్చుందురు. ఆడవారికి మిగిలిన ఆరు దినములకంటె ఆ దినమే పొగ ఎక్కువ. మన్నా కురిసిన కాలమున ఆరవ దినమున రెండింతలు ఏరుకొని వండుకొనుడని దేవుడు చెప్పినది (నిర్గమకాండము 16) ఇందుకొరకే. శనివారము సాయంకాలము మసాలా నూరి, బియ్యము ఏరి, బట్టలు ఉతికి పెట్టుకొనిన ఇల్లు, చెరువు నింపుకొనిన ఊరివంటిది. ఆ పనికి మగవారు చేయి వేసిన నష్టము లేదు.

ఇక పడుచువారు. వారు పని మానుదురు గాని చేతిలోని ఫోను మానరు. అర్ధరాత్రివరకు దానిని వ్రేలితో తోయుచు కూర్చుండినవాడు సోమవారము అలసటతో లేచును. కాలువ కట్టి, పూడిక తీయక, మరల నీరు వదలినట్లు. దినమంతయు బైబిలు చదువుమని నేనడుగను. ఒక అధ్యాయము, ఒక మంచి నిద్ర, కొడుకుతో లెక్కల పుస్తకము ముందు అరగంట, మంచము పట్టిన పొరుగువాని యొద్ద కొంతసేపు. వారమునకు ఇంత చేసినవానికి ఏడాదికి ఏబదిరెండు మారులు పూడిక తీసినట్లే.

చెరువుల మాట ఊరక విడిచిపెట్టరాదు. కాటన్‌గారికి ఓర్‌గారు నిలిచినట్లు మనలో నిలువవలసినవారెవరో సంఘపెద్దలు కూర్చుండి తేల్చవలెను. ఇరుగుపొరుగు చెరువులున్న రెండు కుటుంబములు ఒడంబడవచ్చును. ఒక ఆదివారము ఉదయము ఒకరు రెండు చెరువులకును మేత వేసి గట్టున నుందురు. రెండవవారు తమ కావలివానిని, వాని భార్యను, పిల్లలను వెంటబెట్టుకొని ఆరాధనకు వత్తురు. మరుసటి వారము మారుదురు. మేత శనివారమే తూచి పెట్టుకొనవచ్చును. గట్టున నిలువవలసిన వంతు యజమానికి గూడ రావలెను. కావలివానికి ఆ దినపు జీతము కోయరాదు, ఇది పెద్దలు ముందుగానే గట్టిగా చెప్పవలెను. మొదటి నెలలో ఒకటి రెండు వారములు ఏర్పాటు తప్పవచ్చును. తప్పిన వారము ఎవరు ఎవరికి బదులు నిలిచెదరో ఆరాధన అయిన వెంటనే, చెప్పులు తొడుగుకొనకముందే, అడిగి వ్రాసికొనుడి.