ఆ భిక్షువు ఎవరు?

భూతప్రేతాల జోలికి పోయే అపరాధ పరిశోధకుణ్ణి నాయకుడుగా నిలిపి, పెద్దల కోసం బొమ్మల కథలు వేయడం పాశ్చాత్యులకు కొత్త కాదు. విలియం హోప్ హాడ్జ్‌సన్ అనే ఆంగ్ల రచయిత 1910లోనే కార్నకీ అనే భూతాన్వేషకుణ్ణి కథలలో ప్రవేశపెట్టాడు. ఇటలీలో 1986లో మొదలైన ‘డిలన్ డాగ్’ బొమ్మల పుస్తకంలో నాయకుడికి పీడకలల పరిశోధనే వృత్తి. మన తెలుగులో ఇటువంటిది ఎందుకు రాలేదని మొన్న ఒక మిత్రుడు అడిగారు. రాలేదనడానికి నాకు నోరాడలేదు. వచ్చింది. కాకపోతే పిల్లల పత్రికలో వచ్చింది, పైగా చివరి ప్రకరణం అచ్చుకాకుండానే ఆగిపోయింది.

నేను చెబుతున్నది ‘చందమామ’లోని బేతాళ కథల గురించి. శవాన్ని భుజాన వేసుకొని, కత్తి చేతబట్టి, శ్మశానం మీదుగా నడిచే రాజు బొమ్మను మరచిన తెలుగువాడు ఉండడు. ఆ బొమ్మను మన కళ్లకు కట్టించిన శంకర్ (కె.సి. శివశంకరన్) 2020లో తొంభై ఆరేళ్ల వయసులో కన్నుమూశారు. ప్రతి నెలా ఒక ‘కేసు’. ఫిర్యాదు చెప్పేది శవంలోని బేతాళుడు, తీర్పు చెప్పేది రాజు. దెయ్యం నోటినుండి వచ్చిన వృత్తాంతాన్ని మానవుడు కేవలం బుద్ధిబలంతో విడమరచడం ఇందులోని విశేషం. రాజు ఏ మంత్రమూ జపించడు, ఏ తాయెత్తూ కట్టుకోడు. తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఇంతకంటె గట్టి పీటముడి నేను చదివిన ఏ డిటెక్టివు నవలలోనూ లేదు.

అయితే అసలు నేరం ఈ చిన్న కథలలో లేదు. సోమదేవుని ‘కథాసరిత్సాగరం’ పన్నెండవ లంబకం తెరిచి చూడండి. గోదావరీ తీరాన ప్రతిష్ఠానపురంలో త్రివిక్రమసేనుడనే రాజు. క్షాంతిశీలుడనే భిక్షువు రోజూ వచ్చి ఒక పండు ఇచ్చి పోతూంటాడు. ఏళ్లు గడుస్తాయి. ఒకనాడు కోతి ఒకటి ఆ పండును కొరకగా లోపలినుండి రత్నం రాలుతుంది. భాండాగారంలో వెతికిస్తే పాత పండ్లన్నీ కుళ్లిపోయి, వాటిలోని రత్నాలు మాత్రం మిగిలి ఉంటాయి. ఇదీ మొదటి ఆధారం! ఇంత ధనం ధారపోసే సన్యాసి అడిగేదేమిటి? శింశుపా వృక్షానికి వేలాడే ఒక శవం. ఎందుకడిగాడో రాజుకు తెలియదు, మనకూ తెలియదు. ఇరవై మూడు ప్రశ్నలకు జవాబులు చెప్పిన రాజు, కడపటి చిక్కుప్రశ్నకు జవాబు తెలియక మౌనం వహించినప్పుడు, సంతోషించిన బేతాళుడు గుట్టు విప్పుతాడు. ఆ భిక్షువు రాజునే బలి ఇవ్వబోతున్నాడు! సాష్టాంగం చేయమంటే, ఎలా చేయాలో ముందు నీవు చేసి చూపమని అడుగు అంటాడు. తర్వాత జరిగినది మీకు తెలిసిందే. దోషి మొదటి పుటలోనే మన ముందు నిలబడి ఉన్నాడన్నమాట. పని పురమాయించినవాడే నేరస్థుడు. ఈ ఎత్తును పదకొండవ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు గ్రంథస్థం చేశాడంటే, పైశాచీ భాషలో గుణాఢ్యుడు కట్టిన మూలం నాటికి అది ఎంత పాతదో ఊహించుకోవలసిందే.

ఇక ‘చందమామ’ చేసిన పని చూడండి. ఇరవై ఐదు కథలు ఎన్నాళ్లు వస్తాయి? అందువల్ల అదే చట్రంలో కొత్త కథలు కూర్చడం మొదలుపెట్టారు. చివర ధర్మసందేహం పుట్టే కథ ఏదైనా సరే, బేతాళుడి నోట పెట్టవచ్చు. 1952 నుండి 1980లో పరమపదించేదాకా ఆ పత్రికకు వెన్నెముకగా నిలిచిన కొడవటిగంటి కుటుంబరావు హేతువాది. దెయ్యం కథలో తర్కం ఇంత నిక్కచ్చిగా నిలబడటానికి ఆయన చెయ్యి కారణమని నా విశ్వాసం. కానీ కథలు వందలకు పెరిగినకొద్దీ భిక్షువు కనుమరుగయ్యాడు. రాజు శవాన్ని ఎవరి కోసం మోస్తున్నాడో అడిగేవారే లేకపోయారు. 2010 దశకం తొలినాళ్లలో పత్రిక ఆగిపోయేనాటికి కూడా ఆ నేరస్థుడు పట్టుబడలేదు.

పెద్దల సంగతి వేరు. వారికి బొమ్మలు లేని చిన్న నవలలు దొరికేవి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, సహాయకుడు రాజు మా ఇంట్లో బాబాయి దిండు కింద ఉండేవారు. నేను పటమట నుండి బందరు రోడ్డు వెంట నడిచిపోయి, అద్దె పుస్తకాల కొట్టులో వాటిని మార్చి తెచ్చేవాణ్ణి. దారిలో చదివినందుకు అద్దె ఉండేది కాదు! తర్వాత యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వచ్చింది. ఒకపక్క చేతబడి, మరొకపక్క వైద్యశాస్త్రం, రెండూ కలిసి ఒక పసిపిల్ల వ్యాధికి కారణం వెతకడం అందులోని పట్టు. రంగనాయకమ్మ గారు దానిని ఖండిస్తూ ఏకంగా ఒక పుస్తకమే రాశారు. బొమ్మలు, పరిశోధన, పిశాచం మూడూ మన దగ్గర ఉన్నా, మూడూ మూడు అల్మారాలలో విడివిడిగా ఉండిపోయాయి.

ఆ మూడింటినీ కలిపినవాణ్ణి నేను ఒక్కణ్ణే చూశాను. తొంభైల నడిమిలో నేను తెలుగు చెబుతున్న ఒక పాఠశాలలో తొమ్మిదవ తరగతి కుర్రవాడు. సంధులు చెబుతూండగా వెనక బెంచీలో తల వంచుకొని గీస్తున్నాడు. నోటుపుస్తకం లాక్కుని చూశాను. విక్రమార్కుడు ఇన్‌స్పెక్టరు. బుల్లెట్ మోటారుసైకిలు వెనక సీటు మీద, తాడుతో కట్టిన శవం. శవం దిగివచ్చింది బందరు కాలువ గట్టున ఉన్న మర్రిచెట్టు మీదనుండి. తెమ్మన్నవాడు చీటీల వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి, మెడలో రుద్రాక్షలు. దారిపొడవునా శవం ఇన్‌స్పెక్టరును అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: నా శవం వాడికెందుకు?

పండితుణ్ణి కదా, కోపం వచ్చింది. తరగతి ముందే రెండుగా చింపి బుట్టలో వేశాను. వాడు ఏడవలేదు. "మాస్టారూ, ఇంకా రెండు పేజీలు ఉన్నాయండీ" అన్నాడు అంతే.

‘కథాసరిత్సాగరం’ వాడు చదివి ఉండే అవకాశం లేదు, అప్పటికి నేను కూడా ఏ తరగతిలోనూ దానిని చెప్పలేదు. భిక్షువు సంగతి వాడికి ఎలా తట్టిందో, ఆ రెండు పేజీలలో పెద్దమనిషిని ఎలా పట్టించాడో నేను చూడలేదు. మరునాడు ఉదయం బుట్ట దగ్గరకు వెళ్లాను గాని, ఆయా అప్పటికే ఊడ్చి కాలువ గట్టున పోసివచ్చింది.