పలక మీద గీత, తెర మీద గీత

కంప్యూటర్‌లో వేసిన బొమ్మ కళేనా అన్న వాదన లేచినప్పుడల్లా చేతిపని గొప్పతనం ముందుకొస్తుంది. చెయ్యి పడితే కళ, మర తగిలితే సరుకు అంటారు. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో తేల్చుకోవడానికి మార్కాపురం పలకల చరిత్ర మంచి గీటురాయి. నల్లమల అంచున మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల్లో పొరలుగా చీలే రాయి దొరుకుతుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ రాతి పొరలకు కంభం పేరే పెట్టారు. గనిలోంచి తీసిన రాయిని ఉలితో పొరలు విడదీసి, కొలతకు కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగిస్తే పలక తయారు. తెలుగు పిల్లలు తరాల తరబడి బలపం పట్టి అఆలు దిద్దింది ఈ రాతి మీదే. ఇక్కడి పలకలు విదేశాలకూ వెళ్లాయి.

రాయి ఏ పొర దగ్గర విడుతుందో కనిపెట్టడం ఆషామాషీ నేర్పు కాదు. అయినా పలకను ఎవరూ కళాఖండం అనలేదు. వేల పలకలు ఒకే కొలతకు రావడమే అక్కడ పనితనం. పైగా ఆ పని చేసిన చేతుల్లో చిన్నపిల్లలవీ ఉన్నాయి. 1987 జాతీయ బాలకార్మిక విధానం కింద మొదట ప్రాజెక్టులు చేపట్టిన పరిశ్రమల్లో మార్కాపురం పలకలదీ ఒకటి. అక్షరాల కోసం పలకలు చేసిన పిల్లలే బడికి దూరమయ్యారు. చేతిపని అనగానే చేతులు జోడించేవారు ఈ సంగతి మరవకూడదు. అదే ఊళ్లో చెన్నకేశవస్వామి ఆలయ స్తంభాలనూ ఉలితోనే చెక్కారు, వాటిని మాత్రం శిల్పకళ అంటాం. పనిముట్టు ఒకటే అయినప్పుడు తేడా మరెక్కడో ఉండాలి. ఏ రూపం రావాలి, ఏది వదిలెయ్యాలి, ఎక్కడ ఆపాలి అని శిల్పి చేసిన ఎంపికలోనే ఆ తేడా ఉంది.

ఎన్ని నకళ్లయినా తీయగలిగేది కళ ఎలా అవుతుందని కొందరి ప్రశ్న. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, మచిలీపట్నంలో చెక్క అచ్చులతో అద్దుతారు, రెండూ కలంకారీయే. రవివర్మ 1894లో అచ్చు యంత్రాలు పెట్టి తన దేవతల బొమ్మలను ఇంటింటికీ చేర్చాడు. అంతమాత్రాన ఆయన చిత్రకారుడు కాకుండా పోలేదు. 1965లో జర్మనీలోని ష్టుట్‌గార్ట్‌లో గియోర్గ్ నీస్ కంప్యూటర్ గీసిన బొమ్మలు ప్రదర్శించినప్పుడూ అక్కడి చిత్రకారులు మండిపడ్డారు. ఆ బొమ్మల వెనక ఉన్న నియమాలు రాసింది మాత్రం నీస్ అనే మనిషే.

తప్పు గీతను ఒక్క మీటతో చెరిపేస్తే కష్టమేముందన్నది మరో అభ్యంతరం. చెరిపి మళ్లీ గీయడం మోసమైతే, మన అక్షరాభ్యాసమంతా మోసమే. చెరపడానికి వీలుగా ఉన్నందుకేగా పలకను బడికి తెచ్చుకున్నాం. కాస్త బరువున్న అభ్యంతరం ఇంకొకటుంది: పనంతా సాఫ్ట్‌వేరే చేసిపెడుతుంటే మనిషి చేసిందేమిటి? ఇది న్యాయమైన ప్రశ్న. ఎవరో తయారుచేసి పెట్టిన నమూనాలో పేరూ ఫొటో మార్చి ఫ్లెక్సీ కొట్టిస్తే అది అచ్చుపని. రెండు ముక్కలు టైపు చేసి, యంత్రం ఇచ్చిన మొదటి బొమ్మనే తనదని చెప్పుకుంటే ఆ హక్కు ఇంకా బలహీనం. అయితే ఈ లోపం కంప్యూటర్‌ది కాదు, ఎంపిక చెయ్యని మనిషిది. కుంచె పట్టి క్యాలెండర్ బొమ్మను చూసి దించేవాడికీ ఇదే తీర్పు వర్తిస్తుంది.

కాబట్టి తెర మీద గీసిన బొమ్మ కళ కాగలదు, రాతి మీద చెక్కిన గీత కళ కాకపోనూవచ్చు. బడుల్లో, సంఘాల్లో చిత్రలేఖన పోటీలు పెట్టేవారు డిజిటల్ బొమ్మలను గుమ్మంలోనే ఆపెయ్యకూడదు. దేనితో వేశావని అడిగి ఊరుకోకుండా, ఈ గీత ఇక్కడే ఎందుకు వేశావని అడగాలి. కుంచె పట్టినవారినీ అదే ప్రశ్న అడగాలి.